విద్యుద్వాహనములు: మన సంశయములు, మన కర్తవ్యము

(వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన ఉపన్యాసము)



సంస్కృత వ్యాకరణము చెప్పుకొని కాలము గడపిన వృద్ధోపాధ్యాయులము విద్యుత్తుతో నడచు కార్లను గూర్చి ఉపన్యసింప బూనుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. కాని యంత్రమును వర్ణించుట మా యుద్దేశము కాదు. యంత్రమును నిర్మించినవారు తమ పని తాము నెరవేర్చియే యున్నారు. ఆ యంత్రము మన వాకిటికి వచ్చి నిలిచిన పిమ్మట దానిని లోనికి రానీయక అడ్డగించుచున్నవి రెండు: మన మనస్సులోని సంశయము, ఇరుగుపొరుగువారి యసమ్మతి. సంశయమును తీర్చుట ఉపాధ్యాయుని పని. సమ్మతిని కూర్చుట సంఘము పని. ఈ రెండును కలిసిన విషయ మగుటచేతనే దీనిని నేడు మీ ముందుంచుచున్నాము.

విద్యుత్ కారు నిన్న మొన్న పుట్టిన వింత కాదు. 1899వ సంవత్సరము ఏప్రిలు మాసమున బెల్జియము దేశీయుడగు జెనాట్జీ యనునాతడు పారిసు నగర సమీపమున బ్యాటరీతో నడచు బండి నెక్కి గంటకు 100 కిలోమీటర్ల వేగమును మించెను. కారులో ఆ వేగమును దాటిన మొదటివాడాతడే. ఆ దినములలో పెట్రోలు కారును కదలింపవలెనన్న ముందుగా ఇనుప పిడిని చేతితో గిరగిర త్రిప్పవలసియుండెడిది. 1912లో అమెరికాయందు చార్లెస్ కెటరింగు కల్పించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లలో అమర్పబడుటతో ఆ ప్రయాస తప్పెను. ఇంతకును పెట్రోలు కారునకు గెలుపు సమకూర్చినదానిలో విద్యుత్తునకే పాలున్నదన్నమాట! పెట్రోలు చౌక యగుట, నాటి బ్యాటరీలు మిక్కిలి బరువై దూరము పోజాలకుండుట అను కారణములచే విద్యుత్ కారు వెనుకబడెను. లిథియం అయాను బ్యాటరీ వచ్చిన తరువాత కథ తిరిగినది. దానిని సాధించిన గుడ్‌ఎనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో నోబెల్ బహుమతి లభించినది. మన దేశమున 2001లోనే బెంగుళూరినుండి రేవా యను చిన్న విద్యుత్ కారు విక్రయమునకు వచ్చెను. కావున మనము భయపడుచున్నది క్రొత్త వస్తువును చూచి కాదు. మన యెదుటికి ఆలస్యముగా వచ్చిన పాత వస్తువును చూచి.

ఇక మనవారి సంశయములను ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటి సంశయము: నడిదారిలో ఆగిపోవునేమో! చిన్న కారులలో 30 యూనిట్ల కరెంటు పట్టు బ్యాటరీ యుండును. ఒక యూనిటుతో సుమారు 6 కిలోమీటర్లు నడచును. అనగా నిండు బ్యాటరీతో 180 కిలోమీటర్లు. పెద్ద బ్యాటరీ గల కార్లు ఇంకను దూరము పోవును. హైదరాబాదునుండి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్ల దూరము. చిన్న కారులో పోవువారు సూర్యాపేట దగ్గర ఒక్కమారు ఆగినచో సరిపోవును. ఆ దారిన పోవు మనవారిలో సూర్యాపేటలో కాఫీ కైనను, ఫలాహారమున కైనను ఆగనివా రెందరు? వేగముగా చార్జి చేయు యంత్రము సాధారణముగా ఒక గంటలో బ్యాటరీని నూటికి 80 పాళ్లవరకు నింపును. దూరప్రయాణమునకు కొంత ముందుచూపు కావలెను, నిజమే. అయితే మనలో ఎవరైనను ఏటికి ఎన్నిమారులు విజయవాడకు కారులో పోవుచున్నారు? మిగిలిన దినములలో ఇంటినుండి కచేరీకి, కచేరీనుండి ఇంటికి, నడుమ అంగడికి. అంతయు కలిపి 40 కిలోమీటర్లు మించుట అరుదు.

రెండవ సంశయము వెలను గూర్చినది. కొనునపుడు విద్యుత్ కారు వెల అదే తరగతి పెట్రోలు కారు వెలకన్న హెచ్చుగా నుండుట సాధారణము. ఈ సత్యమును దాచి చెప్పువాని మాట నమ్మకుడు. నడుపుటలో ఆ హెచ్చు తీరునా యనునదే ప్రశ్న. లెక్క వేయుదము. దినమునకు 40 కిలోమీటర్లకు పెట్రోలు కారు లీటరునకు 15 కిలోమీటర్ల చొప్పున నడచినను రెండున్నర లీటర్లకు పైగా త్రాగును. లీటరు నూరు రూపాయలే యని తలచినను 260 రూపాయలు దాటును. విద్యుత్ కారునకు 7 యూనిట్లు చాలును. యూనిటునకు 8 రూపాయలు వేసికొనినను 56 రూపాయలు. దినమునకు రెండువందల రూపాయల తేడా. సంవత్సరమున 300 దినములు నడిపినచో 60,000 రూపాయలు. ఎక్కువ నడుపువానికి వెలలోని హెచ్చు కొలది సంవత్సరములలో తీరిపోవును. వారమునకొకమారు గుడికి, నెలకొకమారు బంధువుల యింటికి పోవువానికి తీరదు. అట్టివారు పాత కారునే యుంచుకొనుట మేలు. మేము ఎవరిని తొందరపెట్టుట లేదు. ఇక తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో విద్యుద్వాహనములకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుములనుండి 2026 డిసెంబరు 31వ తేదీవరకు పూర్తి మినహాయింపు ప్రకటించిన సంగతి లెక్క వేయువారు గుర్తుంచుకొనదగినది. బ్యాటరీ త్వరలో చచ్చునను భయమున్నది గదా! కంపెనీలు సాధారణముగా 8 సంవత్సరములకు గాని, 1,60,000 కిలోమీటర్లకు గాని హామీ వ్రాసి యిచ్చుచున్నవి. ఆ కాగితమును చదివి, ఏ స్థితికి హామీ, దేనికి కాదు అని తెలిసికొనిన పిమ్మటనే సంతకము చేయుడు.

మూడవ సంశయము అగ్నిభయము. దీనిని తేలికగా త్రోసివేయుట తగదు. 2022 ఏప్రిలులో విజయవాడలోను, నిజామాబాదులోను ఇండ్లలో చార్జి అగుచుండిన స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణహాని కలిగినది. అదే సంవత్సరము సెప్టెంబరులో సికింద్రాబాదున విద్యుత్ స్కూటర్ల దుకాణమునుండి లేచిన మంటలు, పొగ పై అంతస్తులలోని లాడ్జికి ప్రాకి 8 మంది మరణించిరి. ఇవి మన నగరములలో జరిగినవి. భయము కలుగుట సహజము. అయితే విచారింపవలసినది కలదు. ఆ ప్రమాదములు స్కూటరు బ్యాటరీలకు సంబంధించినవి. ఇండ్లలో జరిగినవి బ్యాటరీని ఊడదీసి మనుష్యులు నిద్రించు చోటికి తెచ్చి చార్జి చేయుటవలన ప్రాణాంతకము లైనవి. కారు బ్యాటరీ బండి అడుగున దృఢమైన పెట్టెలో నుండును; దానిని పడకగదికి తేవలసిన యవసరము లేదు. ఆ సంవత్సరము డిసెంబరునుండియు, 2023 మార్చి యంతమునుండియు రెండు విడతలుగా బ్యాటరీల పరీక్షానియమములను ప్రభుత్వము కఠినము చేసినది.

వేదాంతులు రజ్జుసర్ప దృష్టాంతమును చెప్పుదురు. చీకటిలో త్రాటిని చూచి పామని భ్రమించుట తప్పే. కాని పామును చూచి త్రాడని పట్టుకొనుట అంతకన్న పెద్ద తప్పు. సరియైన కారునకు, సరియైన తీగతో, సరియైన ప్లగ్గులో పెట్టి చార్జి చేయుట త్రాడు. రెండవ అంతస్తు కిటికీనుండి సన్నని తీగను వ్రేలాడదీసి, ఎక్స్‌టెన్షను పెట్టెకు తగిలించి, వానలో తడియుచుండగా రాత్రియంతయు వదలివేయుట పాము. మనవారు మొదటిదానికి అనుమతి నిరాకరించుచున్నారు. నిరాకరింపబడినవాడు గత్యంతరము లేక రెండవదానికి దిగుచున్నాడు. భయముచే చేసిన నిషేధమే ప్రమాదమును కొని తెచ్చుచున్నది. ఇది మీరు ముఖ్యముగా గమనింపవలసిన విషయము.

దీనితో మేము అసలు విషయమునకు వచ్చితిమి. స్వంత ఇల్లు, స్వంత ముంగిలి గలవానికి చార్జి చేయుట సమస్యయే కాదు. సమస్య అపార్టుమెంట్లలో నున్నది. కారు తనది, ఫ్లాటు తనది, మీటరు తనది. ఆ మీటరునుండి కారు నిలుపు చోటివరకు పోవలసిన పదునైదు గజముల గోడ మాత్రము అందరిది! ఆ పదునైదు గజములే నేడు మనవారిని ఆపుచున్నవి. దానిని ధనముతో కొనుటకు వీలు లేదు, ధైర్యముతో దాటుటకును వీలు లేదు. పొరుగువాని సమ్మతి యొక్కటే దానికి మార్గము.

మేము ఎరిగిన యొక భవనములో నలువది గృహములు గలవు. అందొక యువకుడు విద్యుత్ కారు కొన నిశ్చయించి సెల్లారులో ప్లగ్గు పెట్టించుకొనుటకు కమిటీవారి యనుమతి నడిగెను. ఆరు మాసములు గడచినను ఉత్తరువు రాలేదు. ఒకరు ట్రాన్స్‌ఫార్మరు కాలునని, ఒకరు ఉమ్మడి కరెంటు దొంగిలింపబడునని, వేరొకరు ఇతనికిచ్చినచో అందరును అడుగుదురని చెప్పిరి. ఆతడు పెట్రోలు కారునే కొనెను. అందరును అడుగుదురను మాటయే మాకు మిక్కిలి వింతగా తోచినది. అందరికిని కావలసినదానిని ఇచ్చుటకే గదా కమిటీ యుండుట!

ట్రాన్స్‌ఫార్మరు మాట విచారింతము. 15 ఆంపియర్ల సాధారణ ప్లగ్గులో చార్జి అగు కారు సుమారు 3 కిలోవాట్ల కరెంటు లాగును. రెండు ఏ.సి. యంత్రములు కలిసి లాగునది ఇంచుమించు అంతే. మన భవనములలో ప్రతి యింటివారును రెండవ ఏ.సి., మూడవ ఏ.సి. పెట్టించుకొనినపుడు ఏ కమిటీ సభ చేసినది? పైగా ఏ.సి. యంత్రమునకు కావలసిన వేళ మనము నిర్ణయింపలేము; ఎండ నిర్ణయించును. కారు అట్లు కాదు. దినమునకు 40 కిలోమీటర్లు నడచిన కారునకు రెండున్నర గంటల చార్జి చాలును. పది కార్లున్నచో అయిదింటిని రాత్రి 10 గంటలకు, తక్కిన అయిదింటిని తెల్లవారుజామున 2 గంటలకు మొదలగునట్లు గడియారము పెట్టవచ్చును. అప్పుడు ఒక్కమారు పడు భారము 15 కిలోవాట్ల చుట్టునే యుండును. ఇంతకును భవనమునకు గల మంజూరు లోడు ఎంత, వేసవి రాత్రి ఎంత వాడుకలో నున్నది యను రెండంకెలను విద్యుచ్ఛాఖవారినుండి తెచ్చుకొని చూచినచో వాదమునకు తావుండదు.

చట్టము మన పక్షముననే యున్నది. కారు చార్జి చేయించుట విద్యుత్తును విక్రయించుట కాదని, దానికి లైసెన్సు అక్కరలేదని కేంద్ర విద్యుచ్ఛాఖ 2018 ఏప్రిలులోనే తేల్చినది. ఇంటికి గల కనెక్షనునుండియే వాహనమును చార్జి చేసికొనవచ్చునని 2022 జనవరి మార్గదర్శకములు చెప్పినవి. 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నియమములను సవరించి, వాహనము కొరకు ప్రత్యేక కనెక్షను కోరు హక్కును కల్పించిరి. క్రొత్త భవనములలో వాహనములు నిలుపు చోటులో నూటికి 20 పాళ్లకు చార్జి వసతి యుండవలెనని 2019లో కేంద్రమువారి మాదిరి భవన నిబంధనలలో చేర్చిరి. అయితే ఈ నియమములు కరెంటు ఇచ్చువానినుండి మనకు హక్కు నిచ్చినవి గాని, పొరుగువాని మనస్సును మార్చలేవు. ఆ పని మనదే.

ఈ విషయమున నార్వే దేశమును చూడుడు. 2024లో ఆ దేశమున క్రొత్తగా అమ్ముడుపోయిన కార్లలో నూటికి సుమారు 89 విద్యుత్ కార్లే. చలిదేశము, బ్యాటరీలకు చలి యనుకూలము కాదు. అయినను సాధించిరి. పన్నుల తగ్గింపు ముఖ్యకారణమే. దానితోపాటు ఉమ్మడి భవనముల చట్టమున మరియొక మాట చేర్చుకొనిరి: ఫ్లాటుదారు చార్జి వసతి కోరినపుడు, తగిన కారణము చూపనిదే కమిటీ కాదనరాదు. భారము ఎవరిపై నుంచబడినదో గమనింపుడు. మనలో అడిగినవాడు ఎందుకు కావలెనో నిరూపింపవలెను. వారిలో కాదన్నవాడు ఎందుకు కూడదో నిరూపింపవలెను. చట్టము వచ్చువరకు వేచియుండక ఈ మర్యాదను మనము మన భవనములలో పాటింపవచ్చును గదా!

ప్లగ్గు పెట్టించు విధము స్థూలముగా చెప్పుదుము. మీటరునుండి కారు నిలుపు చోటివరకు దానికే ప్రత్యేకముగా దళసరి రాగి తీగను గొట్టములో వేయింపవలెను. దానికి వేరుగా ఎం.సి.బి., మనిషికి షాకు తగులకుండ కాపాడు ఆర్.సి.సి.బి. ఉండవలెను. ఎర్తింగు సరిగా నున్నదని కొలిచి చూపింపవలెను. ఎర్తింగు లేనిదే అనేక కార్లు చార్జియే తీసికొనవు. 2020 అక్టోబరు వర్షములకు హైదరాబాదున సెల్లారులు మునిగిన సంగతి మీరెరుగుదురు. కావున ప్లగ్గును నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున పెట్టవలెను. మెట్ల దారికి అడ్డముగా పెట్టరాదు. సెల్లారులో పాత పరుపులు, అట్టపెట్టెలు పేర్చు దురలవాటును మానవలెను. ఏటికొకమారు ప్లగ్గు వేడెక్కుచున్నదా యని పరీక్షింపవలెను. లెక్కల విషయము: ఇంటి మీటరునుండియే తీసికొనినచో యూనిట్లు పెరిగి పై స్లాబు ధర పడవచ్చును. మన రెండు రాష్ట్రములలోను విద్యుద్వాహనముల చార్జికి వేరు ధరల తరగతి కలదు. ఎక్కువ నడుపువారు ప్రత్యేక మీటరునకు దరఖాస్తు పెట్టుకొనుట లాభము. మీటరు ఎవరిదో బిల్లు వారిదే యగుటచే ఉమ్మడి కరెంటు పోవునను తగవు పుట్టదు.

ఇప్పుడు ఈ సభకు మేము ముఖ్యముగా చేయు విన్నపము. స్వంత ఫ్లాటు గలవాని కష్టము కమిటీ సమ్మతితో తీరును. కాని మన బిడ్డలలో టాక్సీ నడుపుకొని జీవించువారు గలరు. ఇరుకు వీధిలో అద్దెగది, కారు రోడ్డుప్రక్కన. దినమునకు 150 కిలోమీటర్లు నడుపు నతనికి విద్యుత్ కారువలన కలుగు లాభము మనకందరికన్న హెచ్చు. పెట్రోలునకు వేయి రూపాయలగు చోట, ఇంటి ధరకు చార్జి చేసికొన్నచో 25 యూనిట్లకు రెండువందలు చాలును. అయితే ఇంట చార్జి చేసికొను చోటు అతనికి లేదు. బయటి చార్జి కేంద్రములలో ఇంటి ధరకు రెండు మూడు రెట్లు పెట్టవలెను. యూనిటునకు 20 రూపాయలైనచో 500 రూపాయలు. ఈ తేడా దినమునకు 300, నెలకు 25 దినములు నడిపినచో 7,500 రూపాయలు. అది ఒక పిల్లవాని చదువు ఖర్చు. అతడు పేదవాడగుటచేతనే అధికధర చెల్లించుచున్నాడు. ధనవంతునికి చౌక, పేదకు ప్రియము అగు వస్తువును చూచి సంఘము ఊరకుండరాదు.

మన సంఘమునకు భవనము కలదు, విద్యార్థి వసతిగృహము కలదు, కల్యాణమండపము కలదు. పెండ్లిండ్లు లేని రాత్రులలో ఆ మండపము ఆవరణ ఖాళీగా నుండును. అచట ప్రత్యేక మీటరుతో కొన్ని చార్జి ప్లగ్గులు పెట్టించి, అయిన ఖర్చు మాత్రము తీసికొని, రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు టాక్సీ నడుపు బిడ్డలకు వదలుట ఆసాధ్యము కాదు. కులభేదము పాటింపక ఆ వీధిలోని డ్రైవర్లందరికిని తెరచినచో సంఘమునకు కీర్తి, ప్లగ్గులకు పని. పోషకమహాశయులలో ఒక్కొక్కరు ఒక్కొక్క ప్లగ్గునకు అగు ఖర్చు భరించినచో, గోడపై శిలాఫలకముకన్న చిరకాలము మీ పేరు తలంపబడును.

రెండవ విన్నపము ఈ సభలో కూర్చున్న పెద్దలకు. మీలో అనేకులు మీ మీ భవనముల కమిటీలకు అధ్యక్షులు, కార్యదర్శులు, కోశాధికారులు. రేపు మీ యొద్దకు ఎవరైనను చార్జి ప్లగ్గు కొరకు దరఖాస్తు తెచ్చినపుడు, అతడు మనవాడైనను కాకున్నను, దానిని సొరుగులో పెట్టకుడు. ఒక నెలలోపల ఔనో, కాదో చెప్పుడు; కాదన్నచో కారణమును వ్రాసి యిండు. కారణము వ్రాయబూనినపుడే అందులో ఎంత బలమున్నదో వ్రాయువానికే తెలియును. ఇది మేము వ్యాకరణము చెప్పిన నాటినుండి ఎరిగిన సత్యము.

మూడవది. ఐ.టి.ఐ. చదివి ఎలక్ట్రీషియను పని నేర్చిన యువకులు మనలో గలరు. చార్జి ప్లగ్గును శాస్త్రోక్తముగా పెట్టి, ఎర్తింగు కొలిచి చూపగలవానికి ఈ నగరములలో పని కరవు కాదు. సంఘము వారికి కొలది దినముల శిక్షణ నిప్పించినచో ఒక చేతితో సంశయమును, రెండవ చేతితో నిరుద్యోగమును తీర్చినదగును.

బొగ్గుతో చేసిన కరెంటుతోనే గదా ఈ కార్లు నడచునది యని మీలో ఎవరైనను అడుగవచ్చును. నిజము. మన దేశపు కరెంటులో నాలుగింట మూడు పాళ్ల వరకు బొగ్గునుండియే వచ్చుచున్నది. కాని పెట్రోలు కారు తాను త్రాగిన యింధనపు శక్తిలో అధికభాగమును వేడిగా పారబోయును. విద్యుత్ మోటారు తనకిచ్చిన శక్తిలో అధికభాగమును చక్రమునకిచ్చును. వీధిలో మన పిల్లల ముక్కు ముందర పొగ వదలదు. సౌరవిద్యుత్తు పెరిగిన కొలది, కొన్న కారే సంవత్సరము వెంట సంవత్సరము శుద్ధతరమగును. పెట్రోలు కారునకు ఆ భాగ్యము లేదు. మన దేశము తనకు కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి కొనుచున్న సంగతియు మరువరాదు.

మాన్యులారా! అందరును విద్యుత్ కార్లు కొనవలెనని మేము చెప్పుట లేదు. కొనదలచినవానికి మనము అడ్డుగా నుండరాదని మాత్రమే చెప్పుచున్నాము. పూర్వము ఊరివారందరును కలిసి నుయ్యి త్రవ్వుకొనిరి. తవ్విన పిమ్మట ఎవరి కడవ వారు తెచ్చుకొనిరి. నేడు కడవలు అంగడిలో దొరకుచున్నవి. నుయ్యికి చేరు దారి యొక్కటే మన చేతిలోనున్నది. ఆ పదునైదు గజముల దారిని విడుచు ఔదార్యము ఈ సభకు కలదని నమ్మి, పై మూడు విన్నపములను తీర్మానములుగా చేకొనవలసినదని కార్యనిర్వాహకులను ప్రార్థించుచున్నాము.

స్వస్తి.